గోదావరి గడ్డన మంచినీళ్ళ కరువు: తలసరి లెక్కలో కూలివాని తల ఏదీ?

కోనసీమలో నీళ్ళకు కరువంటే బయటి జిల్లాలవాళ్ళు నవ్వుతారు. ఒక పక్క గౌతమి, ఒక పక్క వశిష్ట, నడుమ వైనతేయ. ఎక్కడ చూసినా కాలువ, బోదె, చెరువు, కొబ్బరితోట. ఇన్ని నీళ్ళ మధ్య ఉండి కూడా వేసవి వచ్చేసరికి సముద్రపు ఒడ్డు ఊళ్ళలో, ముఖ్యంగా కూలిజనం ఉండే పేటల్లో, కాలనీల్లో బిందెలు వరస పెట్టుకుని ట్యాంకరు కోసం కాచుకోవడం ఏమిటి? రోజుకూలి డబ్బుల్లోంచి డబ్బా నీళ్ళు కొనుక్కోవడం ఏమిటి? "ఏం చేస్తామండీ, నీళ్ళు తగ్గిపోయాయి" అని ఎవరైనా చెబితే ఆ మాటను వెంటనే నమ్మవద్దని మేము మొదటనే మనవి చేస్తున్నాము. నీళ్ళు ఎన్ని ఉన్నాయన్నది ఒక లెక్క. ఎవరికి చేరుతున్నాయన్నది ఇంకో లెక్క. పాలకులు మొదటి లెక్క చెప్పి రెండో లెక్కను దాచేస్తారు. ఈ వారం రెండు లెక్కలూ విప్పి చూద్దాం.

వెయ్యి బిందెల్లో ఒక్క చెంబు

భూమ్మీద ఉన్న నీరు యావత్తూ వెయ్యి బిందెలనుకోండి. అందులో 975 బిందెలు సముద్రపు ఉప్పునీరే. మిగిలిన 25 బిందెలే మంచినీరు. ఆ పాతికలో సుమారు 17 బిందెలు ధ్రువాల దగ్గర, హిమాలయాల వంటి కొండల మీద మంచుగడ్డగా ఉన్నాయి. ఏడు, ఏడున్నర బిందెలు భూగర్భంలో ఉన్నాయి. ప్రపంచంలోని నదులు, మంచినీటి సరస్సులన్నిటిలో కలిపి ఉన్నది మహా అయితే ఒక్క చెంబెడు. గోదావరి, గంగ, నైలు, అమెజాన్ అన్నీ ఆ చెంబులోవే. ఏటా ఎండకు సముద్రం ఆవిరై, మేఘమై, వానై కురుస్తుంది గనుక ఆ చెంబు మళ్ళీ మళ్ళీ నిండుతోంది. లేకపోతే మనిషి బతుకు ఏనాడో తెల్లారిపోయేది.

ప్రపంచం మొత్తంమీద నదుల నుంచి, బావుల నుంచి మనుషులు తీసే నీటిలో నూటికి 70 వంతులు సేద్యానికే పోతోంది. మిగిలినదాంట్లో పరిశ్రమల వాటా ఇళ్ళ వాడకం కన్నా ఎక్కువ. మన దేశంలో సేద్యం వాటా నూటికి 90 దాకా ఉంది. భూగర్భజలాన్ని అందరికన్నా ఎక్కువగా తోడుకుంటున్న దేశమూ మనదే.

ఇక ఏ ప్రాంతానికి ఎంత? బ్రెజిల్‌లో మనిషికి ఏడాదికి సుమారు 40 వేల ఘనపు మీటర్ల నీరు దొరుకుతుంది. కువైట్‌లో పది ఘనపు మీటర్లు కూడా లేదు. అక్కడ సముద్రపు నీటిని మరల్లో శుద్ధి చేసి తాగుతున్నారు. ఈజిప్టు నైలు నది ఒక్కదాని మీదనే ఆధారపడి 600 ఘనపు మీటర్ల లోపుతో నెట్టుకొస్తోంది. ప్రపంచ జనాభాలో నూటికి 18 మంది మన దేశంలో ఉంటే, మంచినీరు మాత్రం నూటికి నాలుగు వంతులే ఉంది. ప్రభుత్వ లెక్కల ప్రకారం 1951లో మనిషికి 5,177 ఘనపు మీటర్లుండగా 2011 నాటికి 1,545కు పడిపోయింది. 1,700 కంటే తగ్గితే నీటి ఎద్దడి అనీ, వెయ్యికి తగ్గితే నీటి కరువు అనీ శాస్త్రజ్ఞులు హద్దులు పెట్టారు. ఆ లెక్కన మన దేశం ఎద్దడిలో ఉంది.

సగటు అనే మాయ

అయితే ఈ "తలసరి" అన్న మాటలోనే మతలబు ఉంది. వందెకరాల ఆసామినీ, వందమంది కూలీలనూ కలిపి సగటు తీస్తే ప్రతి తలకూ దాదాపు ఎకరం భూమి వస్తుంది. కూలివాడు ఆ ఎకరంలో ఆకుమడి పోసుకోగలడా? నీటి సగటూ అటువంటిదే.

ఆఫ్రికాలో కాంగో దేశాన్ని చూడండి. ఆ ఖండంలోని నదుల, సరస్సుల నీటిలో దాదాపు సగం ఆ ఒక్క దేశంలోనే ఉందంటారు. అయినా అక్కడి జనంలో సుమారు సగం మందికి శుభ్రమైన తాగునీరు లేదు. నీరు లేక వచ్చిన దాహం కాదది. దక్షిణ అమెరికాలో బొలీవియా మాట తీసుకోండి. అక్కడి కొచబాంబ పట్టణంలో నీటి సరఫరాను 1999లో విదేశీ కంపెనీల కూటమికి అప్పగించారు. బిల్లులు విపరీతంగా పెరిగాయి. చుట్టుపక్కల రైతులు తమ చేతులతో తవ్వుకున్న బావులూ కంపెనీ గుప్పిట్లోకి పోతాయన్న భయం పట్టుకుంది. పట్టణ కార్మికులు, పల్లె రైతులు కలిసి వీధుల్లోకి వచ్చారు. 2000 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని రద్దు చేయక తప్పలేదు. కొచబాంబ కొండల్లో వాన ఎంత పడిందన్నది అక్కడ తగాదా కాలేదు. నీటి తాళంచెవి ఎవరి మొలలో ఉందన్నదే తగాదా అయింది.

ఇప్పుడు ఇదే కళ్ళతో మన కోనసీమను చూద్దాం.

ఆనకట్ట నీళ్ళు భూమికి కట్టుబడ్డాయి

ఆనకట్ట లేని రోజుల్లో గోదావరి జిల్లా తిండి లేని జిల్లా. 1833 నాటి కరువులో జనం పిట్టల్లా రాలిపోయారు. 1821లో ఏడు లక్షలు దాటి ఉన్న జిల్లా జనాభా 1841 నాటికి ఆరు లక్షల లోపుకు పడిపోయింది. దరిమిలా ఆర్థర్ కాటన్ ప్రణాళికతో 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలై 1852కు పూర్తయింది. కంపెనీ దొరలు ఈ డబ్బు జాలితో ఖర్చు పెట్టలేదు. పండితే శిస్తు వస్తుందన్న లెక్కతో పెట్టారు. రాళ్ళు మోసి, మట్టి తట్టలెత్తి ఆ ఆనకట్టను నిలబెట్టింది వేలాదిమంది కూలిజనం. నది నడుమ ఉన్న రాజోలు వైపు లంకకు నీరందించడానికి గన్నవరం దగ్గర వైనతేయ మీద అక్విడక్టు కట్టారు. పాతది శిథిలమయ్యాక 2000లో కొత్తది వచ్చింది. పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి కాటన్ బ్యారేజీ లేచింది.

నేడు డెల్టా మొత్తం ఆయకట్టు పది లక్షల ఎకరాలు. అందులో మన మధ్య డెల్టా సుమారు రెండు లక్షలు. బొబ్బర్లంక దగ్గర తలుపులెత్తితే ఆత్రేయపురం, కొత్తపేట ముందు తడుస్తాయి. ఆ తర్వాత అమలాపురం. అక్విడక్టు దాటి రాజోలు. చిట్టచివర సముద్రపు ఒడ్డు శివారు భూములు. ఎగువ చేను తాగి వదిలినదే దిగువకు. ఎగువవాడు బోదెకు అడ్డుకట్ట వేస్తే శివారువాడు రాత్రంతా తూము దగ్గర జాగారం చేయాల్సిందే.

ఇందులో గమనించవలసిన సంగతి ఒకటుంది. ఈ కాలువల్లో ప్రతి చుక్కా ఎకరాలను బట్టి పంచబడుతుంది. ఒక ఎకరం వరిచేనులో పంటకాలమంతా కలిపి నిలువున నాలుగడుగుల నీరు పారుతుందనుకుంటే, దాదాపు 49 లక్షల లీటర్లవుతుంది. మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలన్నది కేంద్రం వారు ఇంటింటి కుళాయి పథకానికి పెట్టుకున్న కొలత. ఆ కొలతన ఒక్క ఎకరం చేను నీరు 240 మందికి ఏడాది పొడుగునా సరిపోతుంది. అంటే రెండువేలమంది ఉన్న పేట దాహం తీర్చడానికి తొమ్మిదెకరాల చేలకు పారే నీరు చాలు. రెండు లక్షల ఎకరాలకు కాలువ తవ్వినవారికి ఆ తొమ్మిదెకరాల నీరు దొరకలేదా?

వరి మీద మాకు కోపం లేదు. వరి మీదనే కూలివాని బతుకు ఉంది. ఊడ్పులు, కలుపు, కోతలు, కుప్పనూర్పిళ్ళు, ఇవే పేటకు అన్నం. భూమికి నీటి హక్కున్నప్పుడు మనిషికి ఎందుకు లేదన్నదే మా ప్రశ్న.

మూడు కాలాలు, మూడు కష్టాలు

సార్వాలో నీరు మితిమీరుతుంది. 1986 ఆగస్టు 16న ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద పోయింది. ఆ వేగంతో ఒక్క పగలూ రాత్రీ పారితే 300 టీఎంసీలు. 2022 జులైలో మళ్ళీ 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంక గ్రామాల చుట్టూ కనుచూపు మేర నీళ్ళే, తాగే నీరు మాత్రం పడవల్లో రావలసి వచ్చింది. వరద లేని ఏడాదిలోనూ మురుగు కాలువలు పూడిపోయి, గుర్రపుడెక్కతో నిండిపోయి, నాలుగు వానలు పడితే చేలు చెరువులవుతాయి. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర లేదు, ఖర్చులు పెరిగాయి, మురుగు పోక పంట మునుగుతోందన్నారు. ఆ మాటల్లో నిజముంది. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. పత్రికలన్నీ రైతు నష్టం లెక్క కట్టాయి. వేలాది ఎకరాల్లో ఊడ్పులు లేకపోతే ఊడ్చే ఆడకూలీల పనిదినాలు ఎన్ని పోయాయో ఎవరైనా లెక్క కట్టారా? రైతు చేలకు విరామమిచ్చాడు. కూలివాని కడుపుకు విరామం ఎవరిచ్చారు?

దాళ్వాలో నీరు చాలదు. వర్షాకాలంలో సముద్రం పాలయ్యే గోదావరి ఎండాకాలానికి కొన్ని వేల క్యూసెక్కులకు చిక్కిపోతుంది. అప్పుడు దాళ్వాను ఆదుకునేది ఎక్కడో ఏజెన్సీలో సీలేరు విద్యుత్ కేంద్రాల నుంచి వదిలే నీరు. ఆ నీరు తక్కువైన ఏడు వంతులవారీ పద్ధతి వస్తుంది. వంతు వచ్చేది అందరికీ ఒకటే అయినా, నీరు వచ్చేది మాత్రం ఎగువనున్నవాడికి ముందు. శివారులో కౌలుకు చేసుకునేవాడు ఎండిన చేనుకు కూడా మక్తా కొలవాలి.

ఇక మూడోది వేసవి. ఏప్రిల్ వచ్చాక కాలువలు కట్టేస్తారు. మరమ్మతులకు అది అవసరమే. కట్టేసేలోగా మంచినీటి చెరువులు నింపాలన్నది రివాజు. పూడిక తీయని చెరువు నిండినట్టే కనబడుతుంది, మే నెల నడిమికి అడుగంటుతుంది. ఊరి నడిమిధ్యన ఉన్నవారు ఇంట్లో మోటారు పెట్టి పైపులోంచి లాగేస్తారు. కుళాయి వరస చివరనున్న పేటకు గాలి వస్తుంది. కాలువకు శివారు ఉన్నట్టే కుళాయికీ శివారు ఉంది. రెండు శివార్లలోనూ ఉండేది పేదవాళ్ళే.

ఉప్పు కింద నుంచి వస్తోంది

కోనసీమ నేల ఇసుక, ఒండ్రు. అడుగున సముద్రపు ఉప్పునీరు ఉంది. దాని మీద వాన నీరు, కాలువ ఊట నీరు, వరిచేలలోంచి ఇంకిన నీరు ఒక పొరలా తేలుతుంటుంది. మన నూతుల్లో, బోర్లలో తాగేది ఈ పొరనే. శాస్త్రం చెప్పేదేమంటే, సముద్రమట్టానికి పైన ఒక్క అడుగు మంచినీరు నిలిస్తే అది కింద 40 అడుగుల దాకా ఉప్పునీటిని అణచి ఉంచుతుంది. పైన ఒక్క అడుగు తోడేస్తే కింద ఉప్పు 40 అడుగులు పైకి లేవడానికి దారి దొరుకుతుంది. కొబ్బరిచెట్టు వేరుకూ, పేట నూతికీ కూడా ఆ ఒక్క అడుగే కాపలా.

ఈ కాపలాను పడగొట్టే పనులు జరుగుతున్నాయి. దేశంలో వనామి రొయ్యకు 2009లో అనుమతి వచ్చాక కోస్తా అంతటా చెరువులు విపరీతంగా పెరిగాయి. ఉప్పుటేరు నీరు తెచ్చి పోయడం, చాలని చోట లోతు బోర్లు వేసి తోడడం, పంట తీశాక మురుగును పంట కాలువల్లోకీ డ్రెయిన్లలోకీ వదలడం మామూలైపోయింది. చెరువు పక్క చేను చౌడు తేలుతుంది. రెండేళ్ళకు ఆ రైతు కూడా విసిగి చేను చెరువువాడికే ఇచ్చేస్తాడు. వరిచేను ఊరంతటికీ పని చూపిస్తుంది. రొయ్యలచెరువుకు ఒకరిద్దరు కాపలావాళ్ళు, పట్టుబడి రోజున నలుగురు వలవాళ్ళు చాలు. అంటే కూలివానికి ఒకే దెబ్బతో పనీ పోయె, నూతిలో నీళ్ళూ పోయె. పైగా సరుకు అమ్ముడయ్యేది ఎక్కువగా అమెరికా బజారులో. 2025 ఆగస్టులో అక్కడ సుంకం 50 శాతానికి పెంచారనగానే ఇక్కడ రొయ్య ధర తల్లడిల్లింది. ధర పడితే చెరువు వదిలేసి పోవచ్చు. నేలలో దిగిన ఉప్పు ఎక్కడికి పోతుంది?

సుప్రీంకోర్టు 1996 డిసెంబర్ 11న ఇచ్చిన తీర్పులో వ్యవసాయ భూములను, మడ అడవులను, గ్రామ ఉమ్మడి భూములను రొయ్యలచెరువులుగా మార్చరాదని స్పష్టంగా చెప్పింది. 2005లో పార్లమెంటు కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి, రిజిస్ట్రేషన్ పద్ధతి పెట్టి, ఆ తీర్పు పదును తగ్గించేసింది.

ఉప్పు సముద్రం వైపు నుంచీ ఎక్కివస్తోంది. రాజోలు ప్రాంతంలో శంకరగుప్తం డ్రెయిను గుండా పోటు నీరు లోపలికి ఎగదన్ని, కేశనపల్లి చుట్టుపక్కల కొబ్బరిచెట్లు మొవ్వు వాడి మోడులై నిలబడ్డాయి. 2025లో ఈ గోడు రాష్ట్రమంతా విన్నది. తోట పోతే ఆసామికి ఆదాయం పోతుంది. దింపు కార్మికునికీ, ఒలుపు కార్మికునికీ, కొబ్బరిపీచు తీసే ఆడవాళ్ళకూ ఆ రోజు నుంచే పొయ్యి వెలగదు. నష్టపరిహారం జాబితాలో చెట్టుకు లెక్క ఉంటుంది గాని, ఆ చెట్టెక్కే మనిషికి లెక్క ఉండదు.

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. వియత్నాంలో మెకాంగ్ డెల్టా 2016లో, మళ్ళీ 2020లో ఉప్పు ఎక్కి పంటలు పోగొట్టుకుంది. బంగ్లాదేశ్ ఖుల్నా జిల్లాలో రొయ్యల ఆసాములు ఉప్పునీటిని పొలాల్లోకి తెస్తుంటే భూమిలేని పేదలు అడ్డం నిలిచారు. 1990 నవంబర్ 7న హరిణ్‌ఖోలాలో ఊరేగింపు ముందు నడిచిన కరుణామయి సర్దార్‌ను చంపేశారు. ఆమె ప్రాణమిచ్చిన ఆ కట్టల నడుమ, 22వ నంబరు పోల్డరులో, రొయ్యలచెరువులను జనం రానివ్వలేదు. అక్కడ వరి నిలిచింది, పశువులు నిలిచాయి, కూలి నిలిచింది. సెంటు భూమి లేనివాళ్ళే నీటి కోసం ముందు నిలబడ్డారన్నది మనం గుర్తుపెట్టుకోవాలి.

ఓటు ఎకరానికా, మనిషికా?

మన రాష్ట్రంలో 1997లో సాగునీటి సంఘాల చట్టం వచ్చింది. కాలువల పాలన రైతులదే అన్నారు. మంచిదే. అయితే అందులో ఓటు భూమి హక్కుతో ముడిపడి ఉంది. అదే కాలువ నీరు తాగి, అదే కాలువలో పూడిక తీసే కూలికి ఓటు లేదు. కౌలుదారు పేరు కాగితంలో ఎక్కాలి. నోటిమాట కౌళ్ళే ఎక్కువైన కోనసీమలో ఆ కాగితం ఎంతమందికి దొరుకుతుంది? 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు కావాలన్నా భూస్వామి సంతకం పెట్టాలి.

నీటి దగ్గర మనిషిని మనిషిగా చూడాలని 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ వేలాదిమందితో చవదార్ చెరువు దగ్గరకు నడిచి, దోసిలితో నీళ్ళు తాగి చూపించారు. మన జిల్లాకు 2022లో ఆయన పేరు వచ్చింది. పేరు బోర్డు మీద ఉంటే చాలదు, ఆయన తాగిన నీటి హక్కు పేటల కుళాయిలో ఉండాలి. మంచినీరు మానవ హక్కని 2010 జులై 28న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కూడా తీర్మానించింది.

కాబట్టి వ్యవసాయ కార్మికులు, కౌలురైతులు ఊరూరా ఎత్తవలసిన కోరికలు ఇవి అని మేము భావిస్తున్నాము:

ఒకటి: కాలువలు కట్టేసేలోగా ప్రతి మంచినీటి చెరువూ పూడిక తీసి నింపాలి. కుళాయి వరస చివరి ఇంటి దగ్గర నీరు కొలిచాకే పథకం పూర్తయిందని రాయాలి.

రెండు: మురుగు కాలువల పూడికతీత ఏటా వేసవిలోనే, కాంట్రాక్టరు యంత్రాలకు అప్పజెప్పకుండా వీలైనంత మేర కూలీలతో, గిట్టుబాటు కూలితో జరగాలి. పని లేని నెలల్లో పనీ దొరుకుతుంది, సార్వాలో చేనూ మునగదు.

మూడు: ఆయకట్టులో అనుమతి లేని చెరువులను మూయించాలి. కొత్త అనుమతికి భూమి ఉన్నవారూ లేనివారూ కూర్చున్న గ్రామసభ ఒప్పుకోవాలి.

నాలుగు: సముద్రంలో కలిసే డ్రెయిన్ల ముఖాల వద్ద పోటు నీటిని ఆపే తలుపులు పెట్టి, వాటిని కాసే మనుషులను నియమించాలి. నష్టపరిహారంలో దింపు, ఒలుపు కార్మికుల పనిదినాలకు కూడా లెక్క కట్టాలి.

ఐదు: సాగునీటి సంఘాల్లో, నీటి సలహా మండలి సమావేశాల్లో కౌలుదారులకు, వ్యవసాయ కార్మికులకు స్థానం ఇవ్వాలి.

ఇవి చిన్న, సన్నకారు రైతుకు విరోధమైనవి కావు. మురుగు పోతే అతని చేనే బతుకుతుంది, ఉప్పు ఆగితే అతని కొబ్బరే నిలుస్తుంది. శివారు రైతూ, శివారు పేటా ఒకే కాలువకు కట్టుబడ్డవాళ్ళు. వాళ్ళిద్దరినీ విడదీసి మాట్లాడేవాడి చెరువు ఎక్కడుందో ఒకసారి వాకబు చేయండి.

వచ్చే ఏప్రిల్‌లో కాలువలు కట్టేసే తేదీ ప్రకటిస్తారు. ఆ లోపల ప్రతి పేట నుంచీ పదిమంది కలిసి వెళ్ళి మంచినీటి చెరువు గట్టున నిలబడి చూడండి. ఎంత లోతు ఉంది, పూడిక ఎప్పుడు తీశారు, ఎన్ని రోజులకు సరిపోతుంది, ఈ మూడూ పంచాయతీని అడిగి కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితంలోని లెక్కే తలసరి లెక్క. అందులో మన తలలు ఉన్నాయో లేవో అప్పుడు తేలుతుంది.